కూలీల జీతం తక్కువ రాయించినవ్, మిగిలిందెంత తమ్మీ?

పరకాల దిక్కు నుంచి ఓ తమ్ముడు రాసిండు. చిన్న పత్తి జిన్నింగ్ మిల్లు, సీజన్‌ల పది మంది పనోళ్లు, బేళ్లు ఎత్తే హమాలీలు మేస్త్రీ మనుషులు. పోయిన సీజన్‌ల 30 ఏళ్ల పిల్లగాని రెండు వేళ్లు జిన్ను మిషన్‌ల పోయినయ్. ఇన్సూరెన్స్ కంపెనీ కొంతే ఇచ్చింది, మిగతా లక్షన్నర నూటికి 3 రూపాయల మిత్తికి ఫైనాన్స్‌ల తెచ్చి కట్టిండంట. ఇప్పుడు ఆ వర్క్‌మెన్ కంపెన్సేషన్ పాలసీ (పనోళ్లకి దెబ్బ తగిలితే ఓనర్ కట్టాల్సిన నష్టపరిహారం కంపెనీ ఇచ్చే పాలసీ) రెన్యువల్‌కి ప్రీమియం పెంచిండ్రు. "అన్నా, రేటు ఎట్ల పెడుతరు వీళ్లు, పాలసీ ఇడిసిపెట్టి ఆ పైసలు చిట్టీల వేసుకుంటే కాదా" అని అడుగుతుండు.

తమ్మీ, ముందు ఆ లక్షన్నర ఎక్కడికెళ్లి వచ్చిందో చూడు. పిల్లగాని అసలు జీతం 15,000, నువ్వు పాలసీల 9,000 రాయించినవ్. పనోళ్ల నష్టపరిహారం చట్టం ప్రకారం పూర్తిగా పని చేయలేని స్థితి అయితే జీతంల 60 శాతాన్ని వయసు ఫ్యాక్టర్‌తోటి (వయసుని బట్టి చట్టంల రాసిన అంకెతోటి) గుణిస్తరు, 30 ఏళ్లకి అది 207.98. ఒక చెయ్యి రెండు వేళ్లు పోతే దాంట్ల 20 శాతం. 15,000 మీద లెక్క 3,74,364, 9,000 మీద 2,24,618. కట్టాల్సింది అసలు జీతం మీద, కంపెనీ ఇచ్చేది నువ్వు రాసిచ్చిన జీతం మీద, నడిమి తేడా నీ నెత్తి మీద పడ్డది.

రేటు సంగతి అడిగినవ్ కదా, దాంట్ల దాపరికం ఏం లేదు. ఏడాది మొత్తం కూలి ఎంతో దాని మీద వెయ్యికి ఇన్ని రూపాయలు అని వేస్తరు, గుమస్తాకి తక్కువ, జిన్ను మీద ప్రెస్ మీద పనిచేసేటోనికి ఎక్కువ. 2006 దాక అన్ని కంపెనీలకి ఒకటే టారిఫ్ (రేట్ల పట్టిక) ఉండె, 2007 నుంచి ఏ కంపెనీ రేటు ఆ కంపెనీదే, పాత క్లెయిములు చూస్తరు, మిషన్లకి చెయ్యి పోకుండ అడ్డం పెట్టే గార్డులు ఉన్నయా లేవా చూస్తరు. నీకు పెరిగింది పోయినేటి క్లెయిమ్ వల్లనే కావచ్చు, ఇంకో రెండు మూడు కంపెనీల కొటేషన్ తీసుకో, ఆ క్లెయిమ్ మాత్రం దాచకు. ఏడాది చివర అసలు కూలి లెక్క ఇస్తే ప్రీమియం సరిచేస్తరు, ఎక్కువ కడితే వాపస్ కూడ వస్తది, ఇగ తక్కువ రాయించుడు దేనికి?

వెయ్యికి 15 రేటు అనుకుందాం. పది మందికి ఆరు నెలలకి నువ్వు దాచిన కూలి 3,60,000, దాని మీద ప్రీమియం 5,400, జీఎస్టీ కలిపి 6,372. ఇది మిగిలించుకున్నందుకు ఇప్పుడు నెలకి 4,500 మిత్తి కడుతున్నవ్, అసలు అట్లనే ఉన్నది. ఇదేం లెక్క తమ్మీ? యాక్సిడెంట్ అయినంక ఫైనాన్స్ ఉన్నది కదా అనే ధైర్యం ఎవరు చెప్పిండ్రో గానీ వాళ్ల మాట ఇనకు. వేళ్లు కాదు, అదే పిల్లగాని ప్రాణం పోయి ఉంటే 15,59,850 కట్టాలె, నెలలోపు జమ చెయ్యకపోతే 12 శాతం వడ్డీ, కారణం సరిగ్గ లేకపోతే సగం దాక పెనాల్టీ, ఆ పెనాల్టీ ఏ పాలసీ ఇయ్యదు. ఏ ఫైనాన్స్‌ల తెస్తవ్ అంత?

ఈఎస్‌ఐ (సర్కారు కార్మికుల బీమా) ఉంటే ఈ భారం వాళ్ల మీద పోయేది, కానీ జిన్నింగ్ సీజనల్ ఫ్యాక్టరీ కిందకొస్తది, నీకు ఆ దారి లేదు. అందుకే నీకు ఈ పాలసీ అందరికంటే ఎక్కువ అవసరం. హమాలీలు మేస్త్రీ మనుషులు, నాకేం సంబంధం అనుకుంటున్నవేమో, నీ మిల్లుల దెబ్బ తగిలితే ముందు నిన్నే అడుగుతరు, మేస్త్రీ దగ్గర వసూలు చేసుకునుడు నీ తిప్పల. కాంట్రాక్ట్ కూలీల కవర్ రాయించు, మెడికల్ ఖర్చు కవర్ కూడ రాయించు, దవాఖాన బిల్లు ఓనరే పెట్టుకోవాలె. 1923 చట్టం పోయి 2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది, గుణించే పద్ధతి అదే, కాకపోతే పనికొచ్చే తొవ్వల అయ్యే యాక్సిడెంట్‌ని కూడ దాంట్ల పెట్టిండ్రు, నీ పాలసీల అది ఉన్నదా అడుగు.

చిట్టీ వేసుకో, వద్దనను, కానీ పాలసీ బదులు కాదు. గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ మంచిదే, అది ఉన్నా చట్టం బాకీ పోదు.

వరుస ఇట్ల పెట్టుకో. అక్టోబర్‌ల పత్తి రాకముందే అసలు జీతాలు, అసలు మనుషుల లెక్కతో పాలసీ కట్టు. ఎఫ్‌డీ ఉన్నా బంగారం ఉన్నా తీసి ఆ 3 రూపాయల అప్పు తీర్చెయ్. తర్వాత నెలనెలా ఆ 4,500 వేరే ఖాతాల వేస్తూ పో, మూడు లక్షలు అయ్యేదాక ముట్టకు, క్లెయిమ్ పైసలు వచ్చేలోపు హన్మకొండ దవాఖానల అడ్వాన్స్ కట్టనీకి అదే అక్కరకొస్తది. పోయినేడు ఆ ఖాతా ఉంటే పిల్లగాన్ని బండిల కూసోబెట్టి ఫైనాన్సోని ఇంటికి పోయే పని నీకు పడేది కాదు.