థెరప్యూటిక్ బోర్డింగ్ స్కూలులో చదివిన క్రెడిట్లు తిరిగి వచ్చాక చెల్లుతాయా?

పదో తరగతి చదువుతున్న కుమారుణ్ణి యూటాలోని ఒక థెరప్యూటిక్ బోర్డింగ్ స్కూలుకు (మానసిక, ప్రవర్తనా సమస్యలున్న పిల్లలను అక్కడే ఉంచుకుని చికిత్సతో పాటు చదువూ చెప్పే స్కూలు) పంపాలనుకుంటున్నామనీ, అక్కడి చదువు ఎలా ఉంటుందో, ఏడాది తర్వాత టెక్సస్‌లోని పాత స్కూలుకు వస్తే ఆ క్రెడిట్లు, అంటే కోర్సు పూర్తిచేసినందుకు డిప్లొమా లెక్కలో పడేవి, చెల్లుతాయో లేదో చెప్పమనీ ఒక తల్లి అడిగారు. అమ్మా, కొన్ని చెల్లుతాయి, కొన్ని చెల్లవు. ఏవి చెల్లుతాయో తేల్చేది ఆ స్కూలు కాదు, మీ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్ళను నడిపే సంస్థ. ఈ ఒక్క మాట మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. మా వాడు అటువంటి స్కూలులో 14 నెలలు ఉండి వచ్చాడు. అమెరికా రాకముందు గుంటూరులో ఆరేళ్ళు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి, చదువు విషయంలో నన్నెవరూ మభ్యపెట్టలేరని అనుకునేదాన్ని.

వాడు తిరిగి వచ్చిన ఆగస్టులో, స్కూళ్ళు తెరవడానికి ఐదు రోజుల ముందు కౌన్సెలర్ గదిలో కూర్చున్నాం. ఆవిడ టేబుల్ మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నారు: ఒకటి అక్కడి నుంచి సీలు వేసిన కవరులో వచ్చిన ట్రాన్స్‌క్రిప్టు (చదివిన కోర్సులు, గ్రేడ్ల పట్టిక), రెండోది ఎండార్స్‌మెంట్‌తో (ఎంచుకున్న ఒక రంగంలో అదనపు కోర్సులతో) టెక్సస్ డిప్లొమా రావడానికి కావలసిన 26 క్రెడిట్ల పట్టిక. ఒక్కొక్క వరుసకూ పెన్సిలుతో టిక్కు పెడుతూ వచ్చారు. ఇంగ్లీషుకు పడింది. ప్రపంచ చరిత్రకు పడింది. గుర్రాల సంరక్షణ అనే కోర్సుకు అర క్రెడిట్ ఎలెక్టివ్ కింద ఇట్టే పడిపోయింది. ఆల్జీబ్రా 2 పక్కన ప్రశ్నార్థకం వేశారు. కెమిస్ట్రీ దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగిపోయింది.

ల్యాబ్ నోట్‌బుక్ ఏదైనా ఉందా అని ఆవిడ మా వాడిని అడిగారు. టెక్సస్ నిబంధనల ప్రకారం హైస్కూలు సైన్సు కోర్సులో కనీసం 40 శాతం స్వయంగా చేసే ప్రయోగాలు, క్షేత్రస్థాయి పని ఉండాలి. వాడు సంచిలోంచి నలుపు తెలుపు మచ్చల అట్ట ఉన్న కుట్టు నోట్‌బుక్ తీసి ఇచ్చాడు. తీగ చుట్టిన స్పైరల్ పుస్తకాలను అక్కడ లోపలికి రానివ్వరు, ఆ తీగతో పిల్లలు తమను తాము గాయపరచుకుంటారన్న భయం వల్ల. పెన్సిళ్ళను కూడా లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. చిటికెన వేలంత పెన్సిలుతో రాసిన ఆ పేజీలలో అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మా వాడి దస్తూరి అంత కుదురుగా ఉండడం నేనెన్నడూ చూడలేదు. అయితే ప్రతి ప్రయోగం కిందా వాడు నిజాయతీగా ‘వీడియో చూశాను’ అని రాసుకున్నాడు. టైట్రేషన్: వీడియో చూశాను. జ్వాలా పరీక్ష: వీడియో చూశాను. గాజు సామాను, ఆమ్లాలు ఉండే ల్యాబ్‌ను అటువంటి చోట నడపడం ఎంత కష్టమో నేను ఊహించగలను. కానీ నడపలేనప్పుడు దానిని ల్యాబ్ సైన్సు అని ట్రాన్స్‌క్రిప్టులో ముద్రించకూడదు. కెమిస్ట్రీకి టిక్కు పడలేదు. వాడు నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకుని, ఆ తర్వాత ఆ గదిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మాట్లాడింది నేను. స్కూళ్ళకు గుర్తింపునిచ్చే కాగ్నియా అనే సంస్థ గుర్తింపు ఉన్న స్కూలు కాబట్టి క్రెడిట్లు దేశంలో ఎక్కడైనా చెల్లుతాయని అక్కడి అడ్మిషన్ల ఉద్యోగి ఫోనులో చెప్పిన మాటను నేను గట్టిగానే వినిపించాను. కౌన్సెలర్ మర్యాదగానే జవాబిచ్చారు: గుర్తింపు ఉంటే ట్రాన్స్‌క్రిప్టును పరిశీలనకు తీసుకుంటారట, కోర్సులో ఏం చెప్పారన్నది మాత్రం డిస్ట్రిక్ట్ విడిగా చూసుకుంటుందట. ఇంటికి వచ్చి ఆ స్కూలు బ్రోచరు మళ్ళీ తీశాను. జాయింట్ కమిషన్ గుర్తింపు చికిత్సకు సంబంధించినది. నాట్‌సాప్ అనేది 1999లో ఏర్పడిన ఇటువంటి స్కూళ్ళ, చికిత్సా సంస్థల సంఘం. చదువుకు సంబంధించిన గుర్తింపు కాగ్నియా ఒక్కటే. మూడు ముద్రలనూ ఒకే సైజులో, ఒకే వరుసలో అచ్చు వేశారు. తొందరలో ఉన్న తల్లిదండ్రులకు మూడూ ఒకటిగానే కనిపిస్తాయి.

ఆల్జీబ్రా 2 క్రెడిట్ మాత్రం దక్కింది. ముందే ఆ కోర్సు చదివిన విద్యార్థి డిస్ట్రిక్ట్ పెట్టే పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే క్రెడిట్ ఇస్తారు, చదవకుండా నేరుగా రాసేవారికైతే 80 కావాలి. మూడు వారాలు భోజనాల బల్ల దగ్గర నేనే కూర్చోబెట్టి చెప్తే మా వాడికి 72 వచ్చింది. అక్కడ వాడికి లెక్కలు చెప్పింది కంప్యూటరు తెర. జవాబు తప్పితే అంకెలు మార్చి అదే ప్రశ్న మళ్ళీ వస్తుంది, సరైన జవాబు వచ్చేదాకా నొక్కుతూ పోవచ్చు; గదిలో ఉన్న పెద్దమనిషి పని కాపలాయే. వర్గ సమీకరణ సూత్రం వాడికి కంఠతా వచ్చు, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. సంవర్గమానాల జోలికే పోలేదు. ఇంగ్లీషు తరగతిలో మాత్రం ఆరుగురే పిల్లలు, ఒక్కో వ్యాసాన్ని నాలుగేసి సార్లు తిప్పి రాయించిన ఉపాధ్యాయురాలు ఉండేవారు. ఇక్కడి పెద్ద తరగతిలో అంత శ్రద్ధ వాడికి ఎప్పుడూ దొరకలేదు. అందుకే నా అభిప్రాయం ఇది, ఎవరు కాదన్నా మార్చుకోను: ఇటువంటి స్కూలును లెక్కల ఉపాధ్యాయుణ్ణి బట్టే కొలవాలి. ఆ మనిషి లేకపోతే అది చికిత్సాలయం మాత్రమే, దానికి స్కూలు ఫీజు కట్టనవసరం లేదు.

స్టార్ పరీక్షల (టెక్సస్ రాష్ట్రం పెట్టే పరీక్షలు) మాటా మరిచిపోకండి. వాడు ఇంగ్లీష్ 2ను అక్కడ చదివాడు కానీ టెక్సస్ పెట్టే ఆఖరు పరీక్ష రాయలేదు. అటువంటి కోర్సుకు ఆ పరీక్ష ఇక్కడ రాయాలో అక్కరలేదో మీ డిస్ట్రిక్ట్‌ను ముందే అడగండి. అక్కడి గ్రేడ్లను మా డిస్ట్రిక్ట్ క్లాసు ర్యాంకులో కలపలేదు. క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవారికి టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రవేశం కల్పించే, 1997 నుంచి ఉన్న మొదటి పది శాతం చట్టాన్ని నమ్ముకుని తొమ్మిదో తరగతి నుంచే ర్యాంకులు లెక్కపెట్టే మన తెలుగువాళ్ళకు ఇది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పనక్కరలేదు. మావాళ్ళకు యూటాలో బోర్డింగ్ స్కూలు అని చెప్పినప్పుడు, ఎందుకు పంపారని ఒక్కరూ అడగలేదు, అది ఎన్నో ర్యాంకు స్కూలని మాత్రం అందరూ అడిగారు. ఇంత డబ్బు పోసే బదులు విజయవాడ హాస్టల్లో వేయకపోయావా వదినా అని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. వాడి కష్టం మార్కులది కాదని ఆవిడకు నేను ఇంతవరకూ చెప్పలేదు.

డబ్బు గురించి కూడా ఒక మాట. మీ అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత ఉండి, డిస్ట్రిక్ట్ తగిన చదువు ఇవ్వలేకపోతే, ఫీజు తిరిగి అడిగే హక్కు కేంద్ర చట్టంలో ఉంది. అంతకుముందు డిస్ట్రిక్ట్ సేవలు పొందని పిల్లల విషయంలోనూ అడగవచ్చని 2009లో ఆరెగాన్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అడిగినంత మాత్రాన వస్తుందని కాదు. కానీ స్కూలు మాన్పించడానికి 10 పనిదినాల ముందు రాతపూర్వకంగా తెలియజేయకపోతే ఆ డబ్బును తగ్గించవచ్చు, అసలే ఇవ్వకపోవచ్చు. మేము వేల డాలర్లు ఇచ్చి పెట్టుకున్న సలహాదారు ఈ సంగతి చెప్పలేదు. మేము తెలుసుకునేసరికి వాడు వెళ్ళి నాలుగు నెలలైంది. యూటా 2021లో చేసిన చట్టం వల్ల ఇటువంటి చోట్ల ఏటా నాలుగుసార్లు తనిఖీలు, వారానికోసారి ఇంటివారితో ఏకాంతంగా మాట్లాడే వీలు వచ్చాయి. అవి పిల్లల రక్షణ కోసం చేసినవి, కెమిస్ట్రీ ల్యాబ్ ఉందో లేదో చూడడానికి కాదు.

మీరు ఇంకా డిపాజిట్ కట్టలేదని రాశారు, కాబట్టి మీ చేతిలో సమయం ఉంది. అక్కడ చదవబోయే ప్రతి కోర్సు పేరు, పాఠ్యప్రణాళిక, చెప్పేవారి అర్హతలు, ల్యాబ్ గంటలు ఆ స్కూలు నుంచి తెప్పించుకుని, ఏది ఏ క్రెడిట్‌గా తీసుకుంటారో మీ కౌన్సెలర్‌ను ఈమెయిలులో అడగండి. ఫోనులో చెప్తామంటే ఒప్పుకోకండి. కెమిస్ట్రీకి ల్యాబ్ లేదని తేలితే ఆ ఏడాది దానిని వదిలేసి, చరిత్రో ఇంగ్లీషో ఎక్కువ చదివించండి. మా వాడు కెమిస్ట్రీని పదకొండో తరగతిలో, తనకంటే ఏడాది చిన్నవాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఈసారి టైట్రేషన్ తన చేత్తోనే చేశాడు.