పావురాలకు ఇసుక పెడుతున్నా గుడ్డు పెంకు పలచనే

ప్రశ్న: మా డాబా మీద రేకుల గదిలో 12 జతల పావురాలు పెంచుతున్నాను. లక్కాలు, హోమర్లు అనే జాతులు ఉన్నాయి. గోధుమలు, సజ్జలు, మొక్కజొన్న మేపుతున్నాను. వాగు ఇసుక ఒక మూకుడులో ఎప్పుడూ ఉంచుతాను. రెండు నెలలుగా పావురాలు గోడ పొడిచి సున్నం తింటున్నాయి. మూడు జతల గుడ్లు పొదిగేటప్పుడే పగిలిపోయాయి, పెంకు కాగితంలా ఉంది. ఒక జత పిల్లలకు కాళ్లు చెరోపక్కకు చాపుకుపోయాయి. తాంబూలం సున్నం నీళ్లలో కలపమని ఒకరు, గేదెల మినరల్ మిక్చర్ వేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది మంచిది?
– ఒక పెంపకందారు, తెనాలి

జవాబు: రెండూ వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఆ ఇసుక మూకుడు సంగతి చూద్దాం, మీ ఇబ్బంది అక్కడే మొదలైంది.

పావురానికి పళ్లు లేవు, గింజను ఒలవదు, మింగేస్తుంది. ఆ గింజను నలిపేది కందనకాయ. దానికి లోపల తిరగలి రాయిలా గట్టి రాళ్ల ముక్కలు కావాలి. నల్లరాయి, పలుగురాయి ముక్కలు ఆ పని చేస్తాయి, అవి కరగవు. మీ వాగు ఇసుక కూడా ఈ కోవలోదే, పైగా మరీ సన్నం కాబట్టి కందనకాయలో నిలవకుండా చాలావరకు రెట్టలో పోతుంది. జొన్నగింజ సైజు, అంటే 2 నుంచి 4 మిల్లీమీటర్ల ముక్కలు ఉండాలి.

గుడ్డు పెంకుకూ, పిల్ల ఎముకకూ కావలసింది కాల్షియం. అది ఇసుకలో అందదు, కడుపులోని ఆమ్లానికి కరిగే గుల్లలో ఉంటుంది. ఆల్చిప్పలో సుమారు 38 శాతం కాల్షియం. కాబట్టి రాయి ఒక అవసరం, గుల్ల ఇంకో అవసరం. ఈ రెండూ కలిపిన మిశ్రమాన్నే గ్రిట్ అంటారు. చాలామంది మూకుడు నిండా ఇసుక పోసి గ్రిట్ పెడుతున్నాం అనుకుంటారు.

మీ మేత కూడా ఈ లోటును పెంచుతోంది. ఏ ధాన్యం తీసుకున్నా కాల్షియం నామమాత్రం, భాస్వరం దానికి ఎన్నో రెట్లు. ఆ భాస్వరంలోనూ ఎక్కువ భాగం పక్షికి అరగని రూపంలో ఉండి, ఉన్న కొద్ది కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. ఇక పెట్ట పరిస్థితి చూడండి. ఒక్కో ఈతకు రెండు గుడ్లు, మొదటిది పెట్టిన దాదాపు 40 గంటలకు రెండోది. 17, 18 రోజులు పొదుగుతుంది. పిల్లలు బయటికి రాగానే తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ కింది మేతసంచిలో ఊరే పావురం పాలు పడతాయి. పిల్ల రెండు రోజుల్లో బరువు రెట్టింపవుతుంది. ఆ పిల్లలు ఇంకా గూట్లో ఉండగానే పెట్ట మళ్లీ గుడ్లకు సిద్ధం. ఇంత ఖర్చుకు కాల్షియం తన ఎముకల్లోంచే తీసి వాడుకుంటుంది. అదీ అయిపోయాక గుడ్డు పెంకు పలచబడుతుంది, ఒక్కోసారి గుడ్డు దిగక అడ్డుపడుతుంది కూడా. గోడ పొడవడం ఆ లోటుకు గుర్తు, దాంతోపాటు ఉప్పు కోసం కూడా పొడుస్తాయి.

గోడ మీద సున్నం కాక పెయింటు ఉంటే ఈరోజే అక్కడికి పోకుండా వలో, పలకో అడ్డం కట్టండి. ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల్లో 90 పాళ్లకు) మించనీయకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన పూతల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. సీసం ఎక్కిన పక్షి ఆకుపచ్చగా నీళ్ల రెట్ట వేస్తుంది, మేతసంచి ఖాళీ కాదు, రెక్కలు, కాళ్లు పట్టు తప్పుతాయి. అది కాల్షియం పెడితే తగ్గేది కాదు, డాక్టరు చూడాల్సిందే.

తాంబూలం సున్నం నోటిని, గొంతును కాల్చే క్షారం. మనం ఆకుకు గోటితో రాసుకునేదాన్ని పావురానికి లెక్కగా ఇవ్వలేం. గేదెల మినరల్ మిక్చర్ కొన్ని ఉప్పు కలిపినవి, కొన్ని కలపనివి వస్తాయి. ఆ పాళ్లు గేదె కోసం వేసినవి, మూడు వందల గ్రాముల పక్షి కోసం కాదు. పశువులు నాకే యూరియా ఇటుకలను పక్షుల దగ్గరికే రానివ్వకండి. మొక్కలకని అమ్మే ఎముకల పొడి కూడా వద్దు, దానిలో రోగక్రిములు ఉండే అవకాశం ఉంది. భాస్వరం కోసం పౌల్ట్రీ దాణా దుకాణంలో దొరికే దాణా గ్రేడ్ డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) చాలు.

ఐదు కిలోల గ్రిట్ ఇలా కలుపుకోండి. షెల్ గ్రిట్, అంటే ఆల్చిప్పల ముక్కలు, రెండుంపావు కిలోలు. ఇది కోళ్ల ఫారాలకు దాణా అమ్మే చోట దొరుకుతుంది, దుమ్ము జల్లించి తీసేయండి. నల్లరాయి గ్రిట్ రెండు కిలోలు, బాగా కడిగి ఎండబెట్టినది. డీసీపీ పావు కిలో. అయోడిన్ ఉప్పు 150 గ్రాములు, అంతకు మించి వద్దు. ఎర్ర ఇటుక పొడి 350 గ్రాములు. ఇటుక పొడిలో గొప్ప పోషకాలేమీ లేవు, కానీ పావురాలకు ఆ రంగూ రుచీ ఇష్టం, దాని వల్ల మిగతావి కూడా తింటాయి. బొగ్గు గురించి మీరు అడగలేదు గానీ చెప్తున్నాను, పాతకాలపు గ్రిట్లన్నిట్లో ఉంటుంది గానీ నేను వేయమనను. రోజూ తింటే అది విటమిన్లను కూడా పీల్చేస్తుంది.

ఉప్పును గ్లాసు నీళ్లలో కరిగించి రాయి, గుల్ల మిశ్రమం మీద చల్లండి. తడిగా ఉండగానే డీసీపీ, ఇటుక పొడి కలిపి నీడలో ఆరబెట్టండి. పొడిగా కలిపితే ఉప్పూ డీసీపీ అడుక్కి దిగి, చివరికి ఏదో ఒక పావురం ఒట్టి ఉప్పు తింటుంది. ఉప్పు ఎక్కువైతే పావురం బతకదు. గ్రిట్ పెట్టినచోట నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

రెండు నెలలుగా గోడ తింటున్న పక్షులకు గ్రిట్ ఒకేసారి గిన్నెనిండా పోయకండి. ఆబగా తిని మేతసంచి బిగుసుకుంటుంది. మొదటి నాలుగు రోజులు జతకు ఒక టీ స్పూను లెక్కన పెట్టి, తర్వాత గిన్నెలో ఉంచేయవచ్చు. మీ వైపు వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ, ఉప్పున్న గ్రిట్ చెమ్మ పట్టి ముద్ద కడుతుంది. వారానికోసారి పాతది పారబోసి కొత్తది కొద్దిగా పెట్టండి, రెట్ట పడని మూతగిన్నె అయితే మంచిది. షెల్ గ్రిట్ దొరక్కపోతే కోడిగుడ్డు పెంకుల్ని పది నిమిషాలు మరగబెట్టి, ఎండబెట్టి, నలిపి వాడండి. సముద్రపు నురుగు (కటిల్ ఫిష్ ఎముక) ముక్క ఒకటి వేలాడదీసినా పొడుచుకుంటాయి.

అయితే గుల్ల పెట్టగానే పని అయిపోదు. కాల్షియం రక్తంలోకి ఎక్కాలంటే డీ3 విటమిన్ కావాలి. మీ రేకుల గదిలోకి ఎండ వస్తోందా? మీరు రాయలేదు. ఒక వైపు జాలీ పెట్టి, ఉదయం గంటో రెండు గంటలో పావురాల మీద నేరుగా ఎండ పడేలా చూడండి, అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. డీ3 చుక్కలు వేసేవాళ్లు సీసా మీద రాసిన మోతాదు దాటొద్దు, ఎక్కువైతే మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది.

మేతలో నాలుగో వంతు పప్పుగింజలు, శనగలో పెసలో బఠాణీలో కలపండి.

కాళ్లు చాపుకుపోయిన పిల్లల విషయంలో కాల్షియం లోటొక్కటే కారణం అనలేను. నున్నటి గిన్నెలో పాదం జారినా కాళ్లు అలాగే పోతాయి. గూట్లో ఎండు వేపపుల్లలో చీపురుపుల్లలో వేయండి. పది రోజుల లోపు పిల్లలైతే మెత్తటి టేపుతో రెండు కాళ్లనూ ఒంటి వెడల్పుకు దగ్గరగా కట్టి ఐదారు రోజులు ఉంచితే చాలావరకు సరిపడతాయి. రోజూ విప్పి చూడండి, పిల్ల పెరిగే వేగానికి టేపు కాలును కోసేస్తుంది.

గుడ్లు పగిలిన మూడు పెట్టలను మగవాటి నుంచి ఓ నెలా నెలన్నర వేరుగా ఉంచి గ్రిట్ మేపి, తర్వాత జత కట్టించండి. ఆ వచ్చే ఈతలో పెంకు గట్టిపడాలి. రెండు ఈతల తర్వాత కూడా ఒక్క పెట్టే పలచటి గుడ్లు పెడుతుంటే, ముసలిదో, గర్భకోశం దెబ్బతిన్నదో అయి ఉంటుంది, దాన్ని ఈతకు ఆపేయండి. రెక్కలు వేలాడేసి, ఉబ్బి, ముక్కుతూ ఒకచోటే కూర్చున్న పెట్టకు గుడ్డు అడ్డుపడిందేమో చూడాలి. దాన్ని వెచ్చటి చోట ఉంచి అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, గుడ్డును చేత్తో నొక్కి తీయాలని చూడొద్దు.