టెక్ సందేహాలు: ట్యాబ్ నొక్కితే కావలసిన ఫైలే రావాలంటే?

ప్రశ్న: ఉబుంటు టెర్మినల్‌లో సీడీ (ఫోల్డర్ మార్చే కమాండ్) అని కొట్టి, డౌన్ అని చిన్న అక్షరాల్లో టైప్ చేసి ట్యాబ్ నొక్కితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్ రావడం లేదు. పైగా లేటెక్ అనే డాక్యుమెంట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో థీసిస్ రాస్తున్నాను, నానో అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైల్ తెరుద్దామంటే ప్రతిసారీ పనికిరాని ఫైళ్లు అడ్డొస్తున్నాయి. వీటిని మార్చుకోవచ్చా? – ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: రెండూ మార్చుకోవచ్చండీ, కాకపోతే మార్చాల్సిన చోట్లు వేరు. ఉబుంటులో మీరు వాడేది బ్యాష్ అనే షెల్, అంటే టెర్మినల్‌లో కొట్టే కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్. ట్యాబ్ నొక్కినప్పుడు పేరు పూర్తిచేసే పని అందులోని రీడ్‌లైన్ అనే లైబ్రరీ చూసుకుంటుంది, దాని సెట్టింగులు హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే ఫైల్‌లో ఉంటాయి. ఆ ఫైల్ లేకపోతే మీరే సృష్టించుకోండి. అందులో మొదటి లైన్‌గా డాలర్ గుర్తు పెట్టి ఇంక్లూడ్ అని, ఖాళీ వదిలి ఈటీసీ ఫోల్డర్‌లోని ఇన్‌పుట్‌ఆర్‌సీ దారి రాయండి. ఇది మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే మీ సొంత ఫైల్ ఉంటే బ్యాష్ సిస్టమ్ ఫైల్‌ని చదవదు, హోమ్, ఎండ్ లాంటి కీల సెట్టింగులు ఆ సిస్టమ్ ఫైల్‌లోనే ఉంటాయి. ఆ కింద సెట్ కంప్లీషన్-ఇగ్నోర్-కేస్ ఆన్ అని, ఇంకో లైన్‌లో సెట్ షో-ఆల్-ఇఫ్-ఆంబిగ్యుయస్ ఆన్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, హైఫన్లతో సహా టైప్ చేయండి. మొదటిది పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకుండా చేస్తుంది. రెండోది ట్యాబ్ రెండుసార్లు కొట్టే పని లేకుండా జాబితా మొదటిసారే చూపిస్తుంది. సేవ్ చేశాక కంట్రోల్ ఎక్స్, ఆ వెంటనే కంట్రోల్ ఆర్ నొక్కితే చాలు, టెర్మినల్ మూసి తెరవక్కర్లేదు.

ఇక థీసిస్ సంగతి. నానో థీసిస్ అని కొట్టి ట్యాబ్ నొక్కితే కర్సర్ చుక్క దగ్గర ఆగిపోతుంది కదా, ఎందుకంటే అదే పేరుతో టెక్స్ (మీరు రాసేది), ఆక్స్, లాగ్, పీడీఎఫ్ (లేటెక్ తయారుచేసేవి) అని నాలుగు ఫైళ్లున్నాయి, ఏది కావాలో బ్యాష్‌కి తెలియదు. దీనికి ఎఫ్‌ఇగ్నోర్ అనే వేరియబుల్ ఉంది, ట్యాబ్ పట్టించుకోకూడని ఫైళ్ల పేర్ల చివరలు అందులో ఇవ్వాలి, పేరు మొత్తం పెద్ద అక్షరాల్లోనే రాయాలి. హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో ఆ పేరు, సమానం గుర్తు, తర్వాత కోట్స్ మధ్య చుక్క ఆక్స్, కోలన్, చుక్క లాగ్ అని ఇవ్వండి. కొత్త టెర్మినల్ తెరిస్తే ట్యాబ్‌కి ఆ రెండూ కనబడవు.

టెక్స్‌తో పాటు పీడీఎఫ్ ఇంకా మిగులుతుంది కాబట్టి దాన్ని కూడా అందులో చేర్చేయాలనిపిస్తుంది, కానీ చేర్చకండి. ఈ వేరియబుల్ ఒక్క నానోకే కాదు, ఫైల్ పేరు అడిగే ప్రతి కమాండ్‌కీ వర్తిస్తుంది. పైగా బ్యాష్‌లో ఫోర్స్ ఎఫ్‌ఇగ్నోర్ అనే ఆప్షన్ ముందునుంచే ఆన్‌లో ఉంటుంది, దాని వల్ల మిగిలింది ఆ ఒక్క పీడీఎఫ్ ఫైలే అయినా సరే ట్యాబ్ దాన్ని పూర్తిచేయదు. పీడీఎఫ్ తెరవాల్సి వచ్చిన ప్రతిసారీ పేరంతా చేత్తో కొట్టుకోవడం చాలా చిరాకు. అంతగా కావాలంటే బ్యాష్ ఆప్షన్లు మార్చే షాప్ట్ కమాండ్‌తో ఆ ఆప్షన్ ఆఫ్ చేయండి, అప్పుడు ఇంకేమీ మిగలనప్పుడు దాచిన ఫైల్‌నీ చూపిస్తుంది. నన్నడిగితే మాత్రం మీరు చేత్తో ఎప్పుడూ తెరవని ఫైళ్లనే అందులో పెట్టడం మేలు. టెక్స్ ఫైల్‌ని పీడీఎఫ్‌గా మార్చే పీడీఎఫ్‌లాటెక్ కమాండ్‌కి అయితే ఏమీ చేయక్కర్లేదు, బ్యాష్-కంప్లీషన్ ప్యాకేజీ ఉంటే అది టెక్స్ లాంటి సోర్సు ఫైళ్లనే చూపిస్తుంది.

ఒక జాగ్రత్త. ట్యాబ్‌కి కనబడనంత మాత్రాన ఆ ఫైళ్లు లేనట్టు కాదు. ఫైళ్లు తొలగించే ఆర్ఎం కమాండ్ రాసి థీసిస్, చుక్క, నక్షత్రం గుర్తు పెడితే ఎఫ్‌ఇగ్నోర్ ఎవరినీ కాపాడదు, నాలుగూ పోతాయి, మీరు రాసిన టెక్స్‌తో సహా. నక్షత్రం వాడేముందు అదే పేరుతో ఒకసారి ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టి చూసుకోండి.

ప్రశ్న: మా మ్యాక్‌లో ఇన్‌పుట్‌ఆర్‌సీ పెట్టినా ఏ మార్పూ లేదు, ఎందుకు?

జవాబు: 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లో కొత్త అకౌంట్లకు డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్. అది రీడ్‌లైన్ వాడదు కాబట్టి ఆ ఫైల్‌ని అసలు చూడదు. దాని సెట్టింగులు డాట్ జెడ్ఎస్‌హెచ్‌ఆర్‌సీలో ఉండాలి, ముందు ట్యాబ్ పూర్తిచేసే వ్యవస్థను మొదలుపెట్టే కాంప్‌ఇనిట్‌ని లోడ్ చేసి, తర్వాత జెడ్‌స్టైల్ కమాండ్‌తో మ్యాచర్-లిస్ట్ (పేర్లను ఎలా పోల్చాలో చెప్పే సెట్టింగ్) ఇస్తే అక్షరాల తేడా పట్టించుకోదు. దీనిలోనూ ఎఫ్‌ఇగ్నోర్ ఉంది, కాకపోతే మిగిలినవన్నీ దాచిన రకం ఫైళ్లే అయితే జెడ్‌షెల్ వాటిని పూర్తిచేసేస్తుంది, కాబట్టి ఇక్కడ పీడీఎఫ్‌ని చేర్చినా పెద్ద ఇబ్బంది ఉండదు.