బాత్రూమ్‌కి ఏ టాయిలెట్ బ్రష్, ఎలాంటి స్టాండ్ తీసుకోవాలి?

హనుమకొండలో అద్దె ఇంట్లోకి మారాం, కమోడ్‌కి సిలికాన్ బ్రష్ కొనాలా, మామూలు నైలాన్‌దా అని అడిగారు. ముందు మీకు వచ్చేవి బోరు నీళ్లా, నల్లా నీళ్లా చూసుకోండి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లయితే కమోడ్ అంచు కింద పసుప్పచ్చగా గార కడుతుంది. సిలికాన్ దాన్ని కదిలించలేదు, మెత్తగా వంగిపోతుంది. గట్టి నైలాన్ కుచ్చే కావాలి. నల్లా నీళ్లయితే సిలికాన్ హాయి, ఒక్కసారి దులిపితే చాలు, ఆరిపోతుంది.

తల గుండ్రంగా ఉన్నదానికన్నా హాకీ కర్రలా వంగినది అంచు కిందికి బాగా చేరుతుంది. మధ్యలో ఇనుప తీగ ఉన్నవి వద్దు. యాసిడ్ తగిలి తుప్పు పడతాయి, టైల్స్ మీద ఎర్ర మరకలు.

కంపు అంతా స్టాండ్‌లోనే ఉంటుంది. మేం ముచ్చటపడి మూత డబ్బా కొన్నాం. పది రోజులకు ఎత్తి చూస్తే అడుగున వేలెడు నల్లటి నీళ్లు! ఇప్పుడు గోడకు అంటించే, గాలి ఆడే స్టాండ్ వాడుతున్నాం. అద్దె ఇల్లు కదా, డ్రిల్ వేస్తే ఓనర్‌తో టెన్షన్. కడిగాక బ్రష్ పిడిని సీటు కింద ఇరికించి, తల కమోడ్ మీద వేలాడేలా పది నిమిషాలు వదిలేయండి, నీళ్లన్నీ అందులోకే కారిపోతాయి.

అన్నట్టు, యాసిడ్ క్లీనర్ వేసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఊపిరాడదు.