కరెంటు లేనప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ వండేయాలా?

కరెంటు గంటల తరబడి రాకపోతే ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పాడైపోకముందే వండేయాలా అని అడిగారు. వద్దండీ. మా ఇంట్లో ఇలాంటప్పుడు ఆ పూటకు సరిపడా మాత్రమే వండుతాం. ఎక్కువ వండితే మిగిలింది దాచుకోవడానికి చల్లటి చోటే ఉండదు కదా! అన్నం విషయంలో మరీ జాగ్రత్త. గంటల తరబడి బయట ఉన్న అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్లీ ఎంత వేడిచేసినా ఆ విషం పోదు.

ఫ్రిజ్ తలుపు తీయకపోతే లోపల చల్లదనం 4 గంటల దాకా ఉంటుంది. ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు ఆగుతుంది. అందుకే ఏ అరలో ఏముందో ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి తలుపుకి అంటించి ఉంచుతాను. ఏం కావాలో బయటే తేల్చుకుని, ఒక్కసారి తెరిచి, అన్నీ తీసుకుని మూసేస్తాను. ముందు పాలు, మాంసం, వండిన కూరలు అవగొట్టాలి. పప్పులు, డబ్బా సరుకులు ఎక్కడికీ పోవు. మాంసం 4 డిగ్రీలు దాటిన వేడిలో 2 గంటలకు మించి ఉందంటే, వాసన బాగున్నా సరే పారేయండి. ఫ్రీజర్‌లోవి ఇంకా మంచు పలుకులతో ఉంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు.

గ్యాస్ ఆదా చేయాలంటే ఒక మంచి ఉపాయం ఉంది. నానబెట్టిన పెసరపప్పును బరువైన గిన్నెలో 10 నిమిషాలు బాగా మరిగించి, మూత గట్టిగా పెట్టి, మంట ఆపి, తువ్వాలు చుట్టి, దానిపైన మందపాటి దుప్పటి కప్పేస్తాను. గంట తర్వాత మూత తీస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది, పప్పు వేళ్ల మధ్య మెత్తగా నలుగుతుంది. తినేముందు ఇంకోసారి మరిగిస్తాను. రాజ్మా మాత్రం ఇలా చేయకండి, సరిగ్గా ఉడకకపోతే వాంతులవుతాయి.

స్టవ్ దానంతట అది వెలగకపోతే, ముందు అగ్గిపుల్ల వెలిగించి బర్నర్ దగ్గర పెట్టి, ఆ తర్వాతే నాబ్ తిప్పండి. చిమ్నీ తిరగదు కాబట్టి కిటికీ తీయండి.

బొగ్గుల కుంపటి మాత్రం దయచేసి ఇంట్లో పెట్టకండి, కిటికీలన్నీ తీసినా వద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. ఆరుబయట, తలుపులకు దూరంగా అయితే వాడుకోవచ్చు.