మసక వెలుతురులో ఫోకస్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెలుతురు తగ్గగానే ఆటోఫోకస్ మొరాయిస్తోందన్నవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: కొత్తగా ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కొన్నాను. మైనస్ 6.5 ఈవీ (వెలుతురు కొలత; అంకె తగ్గేకొద్దీ చీకటి) చీకట్లో కూడా ఫోకస్ చేస్తుందని కంపెనీ వివరాల్లో ఉంది. కిట్ లెన్స్‌తో గుడి మండపంలో తీస్తే ఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతుందే తప్ప ఎక్కడా నిలవడం లేదు. కెమెరాలో లోపమా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కెమెరాను అనుమానించే ముందు ఆ అంకె కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులు చదవండి. కెనాన్ ఈఓఎస్ ఆర్6కు చెప్పే మైనస్ 6.5 ఈవీ, ఎఫ్/1.2 లెన్స్ (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది) తగిలించి, మధ్య పాయింట్‌తో, వన్‌షాట్ ఏఎఫ్‌లో (ఒకసారి ఫోకస్ చేసి అక్కడే ఆగే ఆటోఫోకస్), 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చేది. సోనీ ఏ7 ఫోర్‌కు ఇచ్చిన మైనస్ 4 ఈవీ ఎఫ్/2 లెన్స్ లెక్క. షరతులు వేరైనప్పుడు ఈ అంకెలను పక్కపక్కన పెట్టి ఏది మెరుగో తేల్చలేం.

మీ కిట్ లెన్స్ ఎఫ్/4–7.1 రకం అనుకుందాం. జూమ్ చివరికి లాగితే ఎఫ్/7.1. ఎఫ్/1.2తో పోలిస్తే సుమారు ఐదు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) తక్కువ, అంటే సెన్సర్‌కు చేరే వెలుతురు దాదాపు 35వ వంతు. మైనస్ 6.5 అన్నది మీ చేతిలో మైనస్ 1.5 దగ్గర ఆగిపోతుంది. మండపం ఎంత చీకటిగా ఉందో కూడా లెక్క కట్టవచ్చు. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్/1, ఒక సెకను కలిస్తే సున్నా ఈవీ. ఎఫ్/1.8, 1/60 సెకను, ఐఎస్‌ఓ 6400తో ఫొటో సరిగ్గా పడుతోందంటే అక్కడ సుమారు 1.5 ఈవీ ఉన్నట్టు. అంటే కాగితం మీద మీకింకా మూడు స్టాప్‌ల వెసులుబాటు ఉంది. అయినా ఫోకస్ కావడం లేదంటే ఫోకస్ పాయింట్ కింద కాంట్రాస్ట్ లేదన్నమాట. కంపెనీ చెప్పే హద్దు స్పష్టమైన గీతలున్న వస్తువుకే వర్తిస్తుంది. దీపాల పొగ పట్టిన నల్లరాతి స్తంభం మీద కెమెరా పోల్చుకోవడానికి ఏ గీతా దొరకదు.

అందుకని ముందు జూమ్‌ను వైడ్ వైపుకు తెచ్చి ఎఫ్/4 దగ్గర పెట్టండి. మొత్తం ఫ్రేమును కెమెరాకు వదిలేయకుండా సింగిల్ పాయింట్ ఎంచుకోండి. అందులోనూ అతి చిన్న సైజు వద్దు, చీకట్లో చిన్న చతురం కింద సమాచారం చాలదు. శిల్పం అంచు, పూలదండ అంచు, దీపపు కుందె మెరుపు ఎక్కడ నీడను కలుస్తోందో ఆ చోటు గురి చేసుకోండి. దీపం వత్తి మీద పెట్టొద్దు. మంట పూర్తిగా తెల్లగా మండిపోయి అక్కడ కూడా గీత దొరకదు.

చాలామందికి తెలియని కిటుకు ఇంకొకటి ఉంది. సెన్సర్ మీద ఫోకస్ కొలిచే ఫేజ్ డిటెక్ట్ పిక్సెళ్లు చాలా కెమెరాల్లో ఎడమ, కుడి వైపుల నుంచి వచ్చే కాంతిని మాత్రమే పోలుస్తాయి. నిలువు గీతలను ఇట్టే పట్టుకుంటాయి, అడ్డగీతల దగ్గర తడబడతాయి. మెట్లు, అడ్డపట్టీలు, నేలకు సమాంతరంగా పరిచిన చీర అంచు అన్నీ ఇలాంటివే. కెమెరాను కాస్త ఏటవాలుగా తిప్పి, ఫోకస్ లాక్ చేసి, మళ్లీ నిటారుగా పెట్టుకుని తీయండి. 2022లో వచ్చిన ఓఎం-1, 2024లో వచ్చిన కెనాన్ ఆర్1 వంటి కొన్నింటిలో మాత్రమే రెండు దిశల్లోనూ పోల్చే ఏర్పాటు ఉంది.

గర్భాలయంలో ఫొటోలు తీయకూడదు. మండపంలో అనుమతి ఉన్నచోట కూడా కెమెరా ముందు వెలిగే ఏఎఫ్ అసిస్ట్ (ఫోకస్‌కు సాయపడే) లైటును మెనూలో ఆపేయండి. భక్తుల కళ్లలో పడుతుంది.

ప్రశ్న: రాత్రి తీసిన ఫొటోలు పెద్దవి చేసి చూస్తే మెత్తగా ఉంటున్నాయి. ఫోకస్ తప్పిందో, చెయ్యి కదిలిందో ఎలా తెలుస్తుంది? డీఎస్‌ఎల్‌ఆర్‌లో (అద్దం ఉండే పాత తరహా కెమెరా) చేసినట్టు దీనికీ ఫైన్ ట్యూనింగ్ చేయించాలా? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఫొటోను 100 శాతం సైజులో తెరిచి మూడు చోట్ల చూడండి. మనిషి ముఖం మెత్తగా ఉండి, వెనక గోడో ముందున్న పూలో స్ఫుటంగా ఉంటే ఫోకస్ తప్పింది. దూరంగా ఉన్న చిన్న బల్బులు చుక్కల్లా కాక గీతల్లా, అన్నీ ఒకే దిశలో సాగి ఉంటే కెమెరా కదిలింది. కుర్చీలు, గోడలు బాగుండి మనిషి చేతులు, ముఖం మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడ్ చాలలేదు. మా దగ్గరికి 'ఆటోఫోకస్ సమస్య' అంటూ వచ్చే ఫొటోల్లో ఈ మూడో రకం చాలా ఉంటాయి. బాడీలోని స్టెబిలైజేషన్ చేతి వణుకును ఆపుతుందే గానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. కూర్చుని మాట్లాడేవారికి 1/125, నడిచేవారికి 1/250 కంటే తగ్గకండి. ఐఎస్‌ఓ పెరిగితే పెరగనివ్వండి. గ్రెయిన్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన ముఖాన్ని బాగు చేయలేరు.

ఫైన్ ట్యూనింగ్ అవసరం లేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు కాబట్టి రెంటి మధ్య తేడా వచ్చేది. మిర్రర్‌లెస్‌లో ఫొటో పడే సెన్సరే ఫోకస్‌నూ కొలుస్తుంది. ఇక ఫోకస్ తప్పిందని తేలితే డెప్త్ (స్ఫుటంగా కనిపించే లోతు) ఎంతుందో చూసుకోండి. ఫుల్‌ఫ్రేమ్‌లో 85 మి.మీ. లెన్స్, ఎఫ్/1.8, రెండు మీటర్ల దూరం అయితే స్ఫుటంగా ఉండేది మొత్తం సుమారు 6 సెం.మీ. కంటి మీద లాక్ చేసి ఫ్రేము సర్దుకునే లోపు మీరు కాస్త ముందుకు ఊగినా ఫోకస్ చెవి మీద పడుతుంది. ఏఎఫ్-ఎస్ (ఒకసారి ఫోకస్) వదిలి ఏఎఫ్-సీ (ఆగకుండా ఫోకస్), ఐ డిటెక్షన్ (కంటిని గుర్తించడం) కలిపి వాడండి.

ప్రశ్న: పెళ్లిళ్లు తీస్తాను. జీలకర్ర-బెల్లం వేళ అడ్డుతెర తీయగానే ఫోకస్ తెర మీదే ఉండిపోతోంది. తలంబ్రాలప్పుడు గింజల మీదికి దూకుతోంది. ఫ్లాష్ ఎర్ర లైటు కూడా వెలగడం లేదు. – ఒక ఫొటోగ్రాఫర్, తెనాలి

జవాబు: ఈ రెంటికీ ఒకే సెట్టింగు పనికిరాదు. తెర దగ్గర ఫోకస్ త్వరగా మారాలి, తలంబ్రాల దగ్గర అసలు మారకూడదు.

తెర సంగతి ముందు. తెర నునుపుగా, ఒకే రంగులో, ఫ్రేము నిండా ఉంటుంది. కెమెరా దాని ముడతల మీద స్థిరపడుతుంది, లేదా ఏమీ దొరక్క లెన్స్‌ను ఒక చివరికి తీసుకెళ్లి వదిలేస్తుంది. తెర తీసేటప్పటికి ముఖాలు పూర్తిగా మసకగా ఉంటాయి కాబట్టి ఫేస్ డిటెక్షన్‌కు అవి ముఖాలని కూడా తెలియదు. మందు ఒక్కటే: ముందే దూరం కట్టిపెట్టుకోవడం. బ్యాక్‌బటన్ ఫోకస్ (షట్టర్‌తో కాక వెనక బటన్‌తో ఫోకస్ చేయడం) పెట్టుకుని, తెర పక్క నుంచి కనిపించే పెళ్లికూతురు భుజం మీదో బాసికం అంచు మీదో ఫోకస్ చేసి బటన్ వదిలేయండి. తెర జారేటప్పుడు షట్టర్ మాత్రమే నొక్కండి. ముఖాలు కనబడ్డాక మళ్లీ బటన్ పట్టుకుంటే ఐ డిటెక్షన్ అక్కడి నుంచి అందుకుంటుంది. ఎఫ్/1.8 మీద మోజు ఆ నిమిషానికి పక్కన పెట్టి ఎఫ్/3.5 లేదా ఎఫ్/4 దగ్గర ఉండండి. వధూవరులిద్దరి ముఖాలూ అందులో ఇముడుతాయి.

తలంబ్రాలకు ట్రాకింగ్ సెన్సిటివిటీని (ఫోకస్ మరో వస్తువు మీదికి మారే చురుకును) మందకొడిగా చేయాలి. ఇక్కడ పొరపాట్లు జరిగేది కంపెనీకో పద్ధతి ఉండటం వల్ల. సోనీలో ఏఎఫ్ ట్రాక్ సెన్సిటివిటీ 1 అంటే పట్టుకున్నదాన్ని వదలదు, 5 అంటే వెంటనే మారిపోతుంది. నికాన్ జడ్ కెమెరాల్లో ఏ3 కస్టమ్ సెట్టింగులో తలకిందులు: 5 నిదానం, 1 చురుకు. కెనాన్‌లో కేస్ 2 ఎంచుకోండి, అడ్డువచ్చేవాటిని పట్టించుకోకుండా ఉండటానికే అది ఉంది. రెండు బాడీలతో పనిచేసేవారు ఈ అంకెలను కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోవడం మంచిది. దోసిళ్లు ముఖానికి అడ్డం వచ్చేలా ఎదురుగా నిలబడకండి. పక్కకు జరిగి, కన్ను కనిపించే కోణం నుంచి తీస్తే ఏ సెట్టింగైనా బాగా పనిచేస్తుంది.

ఇక ఫ్లాష్. దాని మీద ఉండే ఎర్ర గీతల అసిస్ట్ లైటు డీఎస్‌ఎల్‌ఆర్‌లోని వేరే ఫోకస్ సెన్సర్ కోసం పెట్టింది. చాలా మిర్రర్‌లెస్ బాడీలు దాన్ని వెలిగించవు. కెమెరా సొంత అసిస్ట్ లైటు కూడా ఏఎఫ్-సీలో వెలగదు, సింగిల్ ఏఎఫ్‌లోనే వెలుగుతుంది. లెన్స్ హుడ్ అడ్డొస్తే అదీ దండగే. వీడియో వాళ్ల ఎల్‌ఈడీ ప్యానెల్ వేదిక మీద పడుతుంటే మీకు అంతకు మించిన అసిస్ట్ లేదు. వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

వేదిక మీద బంధువుల గ్రూపు ఫొటోలకు ఎఫ్/8 పెట్టి ఫ్లాష్ కొట్టేవారికి ఇంకో చిక్కు ఎదురవుతుంది. సోనీ కెమెరాలు సాధారణంగా మీరు పెట్టిన అపర్చర్ (ఎఫ్ అంకె) దగ్గరే ఫోకస్ వెతుకుతాయి. నికాన్ జడ్ కెమెరాలు ఎఫ్/5.6 వరకు అలాగే చేస్తాయి, అంతకంటే మూసినా ఫోకస్‌ను ఎఫ్/5.6 దగ్గరే చూస్తాయి. చీకటి హాల్లో మూసిన అపర్చర్‌తో ఫోకస్ వెతకడమంటే ఉన్న వెలుతురును కూడా ఆపేసుకోవడమే. సోనీ ఏ7 ఫోర్ వంటి వాటిలో 'అపర్చర్ డ్రైవ్ ఇన్ ఏఎఫ్' అనే మెనూలో ఫోకస్ ప్రయారిటీ ఎంచుకోండి. ఆ మెనూ లేని కెమెరా అయితే అపర్చర్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, ఫోకస్‌ను బ్యాక్‌బటన్‌తో వదిలేసి, అప్పుడు ఎఫ్/8కి మార్చి వరుసగా తీసుకుంటూ పోండి. మనుషులు నిలబడే గీత మారనంత వరకు ఫోకస్ మారదు. ఫ్లాష్‌తో తీసేటప్పుడు వ్యూఫైండర్ నల్లగా కనిపిస్తే ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్‌ను (ఫొటో ఎంత వెలుతురుగా వస్తుందో ముందే చూపే ఏర్పాటు) ఆపేయాలి. సోనీలో దాని పేరు సెట్టింగ్ ఎఫెక్ట్.

ప్రశ్న: కూచిపూడి ప్రదర్శనల్లో ఎర్ర లైటు వేయగానే ముఖం మీద వివరాలు పోతున్నాయి. సైలెంట్ షట్టర్‌తో తీస్తే అడ్డచారలు. – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సెన్సర్ పిక్సెళ్లలో ఎర్ర ఫిల్టరున్నవి నాలుగోవంతే. పూర్తి ఎర్ర వెలుతురులో పనికొచ్చే సమాచారమంతా వాటి నుంచే రావాలి. పైగా మీటరు బాగానే ఉందని చెబుతున్నా ఎర్ర చానల్ ఒక్కటే నిండిపోయి ముఖం చదునుగా మారుతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి, హిస్టోగ్రామ్‌లో (వెలుతురు పంపకం చూపే గ్రాఫ్) ఎర్ర గీత కుడి అంచుకు తగలకుండా చూసుకోండి. రా (సెన్సర్ సమాచారమంతా ఉంచే RAW) ఫైల్‌లో తీయండి. ఫోకస్‌ను తెల్లటి లేదా పసుపు లైటు ఉన్నప్పుడే పట్టుకుని ఏఎఫ్-సీలో వదలకుండా కొనసాగించండి. ఎర్ర లైటులో కొత్తగా వెతికించడం కంటే పట్టుకున్నదాన్ని నిలబెట్టడం కెమెరాకు తేలిక.

అసలు స్టేజీ ఫొటోల్లో ఫోకస్ గురించి మరీ బెంగపడనక్కర్లేదు. 135 మి.మీ., ఎఫ్/2.8, పది మీటర్ల దూరంలో డెప్త్ దాదాపు 90 సెం.మీ. ఉంటుంది. తరంగంలో పళ్లెం అంచు మీద నిలిచి ఆడే కళాకారిణి పైభాగమంతా అందులో ఉంటుంది. చెదిరేవి చేతులు. జతులకు 1/500 కావాలి, నిలకడగా పట్టే అభినయానికి 1/200 చాలు.

చారలు రావడానికి కారణం ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ను వరుసలు వరుసలుగా చదవడం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 1/50, 1/100 దగ్గర చారలు పడవు గానీ ఆ వేగం నాట్యానికి చాలదు. స్టేజీ ఎల్‌ఈడీలు, వెనకున్న ఎల్‌ఈడీ తెర ఇంకా వేగంగా మిణుకుతాయి, వాటికి ఈ లెక్క పనిచేయదు. సభ అనుమతిస్తే మెకానికల్ షట్టర్‌కు మారడమే సులువు. సోనీ 2023లో ప్రకటించిన ఏ9 త్రీలో సెన్సర్ మొత్తాన్నీ ఒకేసారి చదివే గ్లోబల్ షట్టర్ ఉంది, అందులో చారలు రావు. కానీ దీని కోసమే అంత ఖర్చు పెట్టమని చెప్పం.

ప్రశ్న: పాత నికాన్ 50 మి.మీ. ఎఫ్/1.8డీ లెన్స్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జడ్ కెమెరాకు పెడితే ఆటోఫోకస్ రావడం లేదు. – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రాదు. మీ లెన్స్ లాంటి పాత ఏఎఫ్ డీ రకం లెన్సుల్లో మోటరుండదు, బాడీలోని మోటరు స్క్రూ తిప్పి ఫోకస్ చేసేది. ఎఫ్‌టీజెడ్‌లో గానీ, ఎఫ్‌టీజెడ్ 2లో గానీ ఆ మోటరు లేదు. లోపల మోటరున్న ఏఎఫ్-ఎస్ (ఇక్కడ ఇది లెన్స్ రకం పేరు, ఫోకస్ పద్ధతి కాదు), ఏఎఫ్-పీ, ఏఎఫ్-ఐ లెన్సులకే ఆటోఫోకస్ ఉంటుంది. మీ లెన్సును ఫోకస్ పీకింగ్‌తో (ఫోకస్‌లో ఉన్న అంచులను రంగుతో చూపేది), వ్యూఫైండర్‌లో పెద్దది చేసి చూసుకుంటూ చేత్తో తిప్పి వాడుకోవచ్చు. కదలని వాటికి ఇప్పటికీ మంచి లెన్స్.

ప్రశ్న: నేలపట్టులో తెల్లవారుజామున గూడబాతులను 200–600 లెన్స్‌తో తీస్తున్నాను. 1.4 కన్వర్టర్ (దృశ్యాన్ని 1.4 రెట్లు దగ్గర చేసే అదనపు లెన్స్) పెడితే ఫోకస్ బాగా నెమ్మదిస్తోంది. – ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: ఎఫ్/6.3 లెన్స్‌కు 1.4 కన్వర్టర్ పెడితే ఎఫ్/9 అవుతుంది, ఉన్న వెలుతురు సగానికి పడిపోతుంది. సూర్యోదయానికి ముందు కన్వర్టర్ తీసేసి, ఫొటోను తర్వాత క్రాప్ చేసుకోండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటోను అంతే దగ్గరగా క్రాప్ చేసినా 12 మిగులుతాయి. లెన్స్ మీది లిమిటర్ స్విచ్‌ను పది మీటర్ల నుంచి అనంతం అన్న చోట పెడితే ఫోకస్ తప్పినప్పుడు లెన్స్ మొత్తం దూరం తిరిగి రాదు. నీటికడప కొమ్మల మధ్య కూర్చున్న పక్షికి బర్డ్ డిటెక్షన్ కొమ్మను పట్టుకుంటే, చిన్న సింగిల్ పాయింట్‌కు మారి, ముందు చేత్తో దాదాపు దగ్గరికి తెచ్చి ఆపైన ఆటోఫోకస్ నొక్కండి. ఎగిరేవాటికి జోన్ (పాయింట్ కంటే పెద్ద ఫోకస్ ప్రాంతం) చాలు, వెనక ఖాళీ ఆకాశమే కదా.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో పొద్దున్నే తీస్తే మొదటి పావుగంట ఫోకస్ అసలు పట్టదు, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఏసీ గదిలో చల్లబడిన లెన్స్ మీద సముద్రపు తేమగాలి తగలగానే ఆవిరి పడుతుంది. కాంట్రాస్ట్ పోయి ఫోకస్ నిలవదు. బయలుదేరే ముందే కెమెరాను జిప్ కవర్లో బిగించి ఏసీ లేని గదిలోనో వరండాలోనో అరగంట ఉంచండి. ఆవిరి కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద పడదు. మసకగా ఉన్నప్పుడు లెన్స్ విప్పకండి, తేమ సెన్సర్ దాకా వెళుతుంది. ఇంటికొచ్చాక కెమెరాను 40–50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టండి. అది లేకపోతే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, ఒక చిన్న హైగ్రోమీటర్ వేసి ఉంచండి. సిలికా జెల్ రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.