టెక్ సందేహాలు: 12 కొడితే పది లక్షల వరసకు!

*పూర్ణా మార్కెట్‌లో మాకు సరుకుల హోల్‌సేల్ దుకాణం ఉంది సార్. లెక్కలు ఎక్సెల్‌లో రాస్తాను. పొద్దున్న కంప్యూటర్ తెరవగానే కుడివైపు అంకెల మీటలు పనిచేయవు. నిన్న 12 అని కొడితే కర్సర్ ఒక్క దూకులో పది లక్షలు దాటిన వరసలో పడింది. పైసలకు చుక్క పెట్టబోతే గడిలో ఉన్న అంకె మాయమైంది. కీబోర్డు మార్చాలంటున్నారు. మార్చమంటారా?*

మార్చకండి. మీరు రాసిన రెండు వింతలతోనే రోగం ఏమిటో తెలిసిపోయింది. కుడివైపు మీటల్లో చాలావాటికి రెండేసి పనులు ఉంటాయి. అక్కడే ఉండే నమ్‌లాక్ అనే మీట దీపం వెలిగి ఉంటే అంకెలు పడతాయి. ఆరి ఉంటే 8, 2, 4, 6 బాణాలవుతాయి. 7 హోమ్, 1 ఎండ్, 9 పేజ్ అప్, 3 పేజ్ డౌన్, 0 ఇన్సర్ట్, చుక్క డిలీట్. నడుమనున్న 5కు మాత్రం అప్పుడు సెలవు.

ఇక మీ 12 సంగతి. 1 అంటే ఎండ్. ఎక్సెల్‌లో ఎండ్ నొక్కి ఆ వెంటనే బాణం నొక్కితే ఆ దిక్కున చివరికంటా వెళ్లమని అర్థం. 2 అంటే కింది బాణం. మీ గడి కింద ఇంకేమీ రాసి లేదు కాబట్టి కర్సర్ నేరుగా షీటు అడుగుకు, 10,48,576వ వరసకు చేరింది. అక్కడితో షీటు అయిపోయింది, లేకపోతే ఇంకా పోయేదే. తిరిగి పైకి రావడానికి కంట్రోల్, హోమ్ కలిపి నొక్కండి. ఈ పరుగు చూసి నవ్వుకోవచ్చు కానీ చుక్కతో జాగ్రత్త. అది డిలీట్ కాబట్టి గడిని తుడిచేస్తుంది. వెంటనే చూసుకుంటే కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు. చూసుకోకపోతే ఎవరిదో పాత బాకీ చెరిగిపోయి, సాయంత్రం లెక్క తేలక మీరు తల పట్టుకుంటారు.

ఒకే మీటకు ఈ రెండు పనులెందుకని మీకు అనుమానం రావచ్చు. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన కీబోర్డులో 83 మీటలే ఉండేవి, విడిగా బాణాలు లేవు. అంకెలకూ బాణాలకూ అదే చోటు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి నమ్‌లాక్ పెట్టారు. అది వెలిగి ఉందో ఆరి ఉందో చూపే దీపం కూడా ఆ కీబోర్డుకు లేదు. 1984లో వచ్చిన పీసీ ఏటీ కీబోర్డుకు పెట్టారు. ఆ తర్వాత 101 మీటల కీబోర్డులో బాణాలకు వేరే చోటు దొరికింది. ఇల్లు కట్టుకుని వేరుపడిన బాణాలు పాత ఇంట్లో వాటా మాత్రం వదులుకోలేదు. ఆ ఉమ్మడి ఆస్తి తగాదాయే ఇప్పుడు మీ దుకాణం దాకా వచ్చింది.

ముందు ఒక చిన్న పరీక్ష. నమ్‌లాక్ నొక్కి దీపం చూడండి. ఆ దీపాన్ని వెలిగించేది మీట కాదు, కంప్యూటర్. మీ వేలు నొక్కిన కబురు కంప్యూటర్‌కు చేరి, అది తిరిగి ఆజ్ఞ పంపితేనే దీపం వెలుగుతుంది. కాబట్టి నొక్కినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతుంటే మీట, తీగ, కంప్యూటర్ మూడూ బాగున్నట్టే. అసలు కదలిక లేకపోతే తీగ ఊడిందో, కంప్యూటరే బిగుసుకుపోయిందో చూడాలి. నేనూ ఒకప్పుడు ఈ పరీక్ష చేయకుండా ద్వారకా నగర్ వెళ్లి కొత్త కీబోర్డు కొన్నాను. మర్నాడు పొద్దున్న కొత్తదాని దీపం కూడా ఆరిపోయే ఉంది. పాతది ఇప్పటికీ అటక మీద క్షేమంగా ఉంది.

మీకు రోజూ పొద్దున్నే వస్తోందంటే, విండోస్ మొదలయ్యేటప్పుడే నమ్‌లాక్ ఆరి ఉంటోందన్నమాట. పాస్‌వర్డ్ అడిగే తెర మీదే నమ్‌లాక్ నొక్కి దీపం వెలిగించండి. లోపలికి వెళ్లకుండా, అదే తెర మీద కుడివైపు కింద ఉండే పవర్ గుర్తు నొక్కి రీస్టార్ట్ చేయండి. చాలామందికి ఇంతటితో తీరిపోతుంది. తీరకపోతే కంట్రోల్ ప్యానల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉండి పాత స్థితినే మళ్లీ తెస్తుంది. కంప్యూటర్ వెలిగేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వచ్చే బయోస్‌లోనూ (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల తెర) నమ్‌లాక్‌కు ఒక సెట్టింగ్ ఉండవచ్చు, అదీ చూడండి.

చివరి మందు రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు రాసి దాచుకునే చోటు. హెచ్‌కీ యూజర్స్‌లో డాట్ డిఫాల్ట్, అందులో కంట్రోల్ ప్యానల్, అందులో కీబోర్డ్. అక్కడ ఇనీషియల్ కీబోర్డ్ ఇండికేటర్స్ అనే పేరు ఎదురుగా 2147483648 అని ఉంటే చివరి 48ని 50 చేయండి. పెంచిన ఆ రెండే నమ్‌లాక్‌ను వెలిగించమనే గుర్తు. చుట్టుపక్కల ఉన్న ఇంకే అంకెనూ ముట్టుకోవద్దు. చేయి తిరిగిన వాళ్లు పక్కన ఉంటే మరీ మంచిది.

*మధురవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. వీడియో చూసి రిజిస్ట్రీలో నమ్‌లాక్ మార్చాను. అప్పటి నుంచి నా చిన్న ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తప్పంటోంది. పాస్‌వర్డ్ నాకు బాగా గుర్తుంది.*

పైన ఇప్పుడే చెప్పిన మందును అవసరం లేని రోగికి వేస్తే ఇదే జరుగుతుంది. విడిగా అంకెల గళ్లు లేని కొన్ని ల్యాప్‌టాప్‌లలో అక్షరాల మీటల్లోనే అంకెలు దాగి ఉంటాయి. నమ్‌లాక్ వెలిగితే యూ, ఐ, ఓ మీటలు 4, 5, 6 అవుతాయి, జె, కె, ఎల్ 1, 2, 3, ఎం సున్నా. ఇంగ్లిషు అక్షరాల్లో విశాఖ అని కొడితే ఐ స్థానంలో 5, కె స్థానంలో 2 పడతాయి. పాస్‌వర్డ్ గడిలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి మోసం బయటపడదు. ఆ గడి చివర కన్ను గుర్తు ఉంటుంది, అది నొక్కి చూడండి, అంకెలు దొరికిపోతాయి. ఆపడానికి ఎఫ్ఎన్ మీట పట్టుకుని నమ్‌లాక్ గుర్తున్న మీట నొక్కాలి. అది ఎఫ్11 మీదో స్క్రోల్‌లాక్ మీదో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. లోపలికి వెళ్లాక రిజిస్ట్రీలో పాత అంకె పెట్టేయండి.

*ఉక్కునగరంలో ఉంటాను, రిటైరయ్యాను. సెలవులకు మనవడు వచ్చి వెళ్లాక నమ్‌లాక్ దీపం వెలుగుతున్నా అంకెలు పడటం లేదు. నొక్కితే తెర మీద బాణం మాత్రం నెమ్మదిగా పాకుతోంది.*

మనవడు ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ ఒకేసారి నొక్కి ఉంటాడండీ. మౌస్ పట్టుకోలేని వాళ్ల కోసం విండోస్‌లో ఉన్న మౌస్ కీస్ అనే ఏర్పాటు అది. దీపం వెలిగి ఉంటే అంకెల మీటలు మౌస్ పని చేస్తాయి, ఆర్పితే బాణాలవుతాయి. ఎటు తిప్పినా అంకె పడదు, అందుకే మీరు బెంబేలెత్తారు. ఆ మూడు మీటలే మళ్లీ నొక్కండి, పోతుంది.

*మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి దగ్గర. నమ్‌లాక్ ఎంత గట్టిగా నొక్కినా దీపం వెలగదు. మిగతా మీటలు బాగానే ఉన్నాయి.*

ఈసారి తప్పు నిజంగా మీటదే కావచ్చు. ఖాయం చేసుకోవడానికి విండోస్ మీట, కంట్రోల్, ఓ కలిపి నొక్కండి, తెర మీద కీబోర్డు వస్తుంది. దాని ఆప్షన్స్‌లో అంకెల గళ్లు తెప్పించి, అక్కడి నమ్‌లాక్‌ను మౌస్‌తో నొక్కండి. దీపం వెలిగి అంకెలు పడితే చెడింది ఆ ఒక్క మీటే. ఉప్పుగాలి మన కిటికీ ఊచలనే వదలదు, మీట అడుగున ఉన్న సన్నటి పూతను వదులుతుందా? మామూలు కీబోర్డును విప్పించి బాగుచేయించడం దండగ. కొత్తది కొనండి, పని కాగానే గుడ్డ కప్పండి.

వైర్‌లెస్‌ది కొనేటట్టయితే ఒక మాట. బ్యాటరీ ఆదా కోసం వాటిలో చాలావాటికి నమ్‌లాక్ దీపమే పెట్టరు. అలాంటప్పుడు విండోస్‌లో టాగుల్ కీస్ అనే సెట్టింగ్ వెతికి పెట్టుకోండి. నమ్‌లాక్ వెలిగితే సన్నగా, ఆరితే బొంగురుగా ఒక కూత వినిపిస్తుంది. క్యాప్స్‌లాక్‌కూ అదే కూత వస్తుంది కాబట్టి, ఇంట్లో ఎవరైనా నిద్రపోతుంటే స్పీకర్ తగ్గించుకోండి.